ఫోన్ డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ ఎందుకు వెయ్యరు?

మా నాన్న ఫోన్ పాడవలేదు. తెర మీద గీత కూడా లేదు. బ్యాటరీ మాత్రం మధ్యాహ్నానికే అయిపోతోంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే "ఈ మోడల్‌కి బ్యాటరీలు రావట్లేదు సార్, ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి" అన్నారు. కొని నాలుగేళ్లే! సెట్టింగ్స్ తెరిచి చూస్తే సెక్యూరిటీ ప్యాచ్‌లు, అంటే హ్యాకర్లు దూరే కంతలు పూడ్చే అప్‌డేట్లు, ఆగిపోయి ఏడాదిన్నర దాటింది. ఆయన పెన్షన్ ఖాతా ఆ ఫోన్‌లోనే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చివరికి అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఒక కుర్రాడు వెనక అట్ట వేడి చేసి, జిగురు ఊడదీసి బ్యాటరీ మార్చాడు. ఒరిజినలేనా అంటే "కాదన్నా, దీనికి దొరికేది ఇదొక్కటే" అన్నాడు. బాగు చేసే చేతులకి మన దగ్గర కొదవ లేదు. వాళ్లకి అసలు విడిభాగాలు అందనివ్వకపోవడమే నాకు మండుతున్న విషయం.

అప్‌డేట్లు ఎక్కువకాలం ఇవ్వడం కుదరదంటే నేను నమ్మను. చిప్ తయారీదారు డ్రైవర్లు (చిప్‌ని ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో కలిపి నడిపించే ప్రోగ్రాములు) ఇవ్వడం ఆపేస్తే ఫోన్ కంపెనీకి కష్టమవుతుంది, నిజమే. అందుకే నెదర్లాండ్స్‌కి చెందిన ఫెయిర్‌ఫోన్ కంపెనీ 2023లో తన ఐదో మోడల్‌కి పరిశ్రమల్లో వాడే, ఎక్కువకాలం సపోర్ట్ ఉండే చిప్ ఎంచుకుని 2031 వరకు అప్‌డేట్లు ఇస్తానంది. దాని బ్యాటరీ చేత్తోనే తీయొచ్చు, తెర మార్చడానికి స్క్రూడ్రైవర్ చాలు. మన దేశంలో అమ్మరు, అదీ బాధ. గూగుల్ పిక్సెల్ 8కి, శాంసంగ్ గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లు అప్‌డేట్లు ఇస్తామని మాట ఇచ్చారు. ఖరీదైనవి కాబట్టి ఇచ్చారనుకుందామా? ఇరవై వేలలోపు వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామన్నారు. మరి మిగతావాళ్లకేమైంది?

ఇంకోటి చెప్పాలి. నా పాత ఫోన్ బూట్‌లోడర్ (వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కనివ్వని తాళం లాంటిది) అన్‌లాక్ చేసి, ఆండ్రాయిడ్ ఆధారంగా స్వచ్ఛందంగా తయారుచేసే లీనియేజ్ ఓఎస్ వేసుకున్నాను. ఈ నెల ప్యాచ్ ఉంది, చక్కగా నడుస్తోంది. నా బ్యాంకు యాప్ మాత్రం "మీ పరికరం సురక్షితం కాదు" అంటూ తెరుచుకోదు. అదే యాప్, ప్యాచ్‌లు ఆగిపోయిన నాన్న ఫోన్‌లో హాయిగా తెరుచుకుంటుంది! ఇది భద్రత ఎలా అవుతుంది? డబ్బు పెట్టి కొన్న వస్తువులో నాకు నచ్చిన సాఫ్ట్‌వేర్ వేసుకునే హక్కు నాకుండాలి.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి ఫోన్ లేబుల్ మీద బ్యాటరీ ఎన్ని ఛార్జింగులు తట్టుకుంటుందో, బాగు చేయడం ఎంత సులువో వేయాలి. అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లు విడిభాగాలు ఇవ్వాలి. మన దగ్గరా 2025 మేలో ఒక కమిటీ వినియోగదారుల వ్యవహారాల శాఖకి ఇలాంటి మరమ్మతు సూచీనే, అంటే వస్తువు బాగు చేయడం ఎంత సులువో చెప్పే మార్కునే, సిఫారసు చేసింది. అందులో అప్‌డేట్ల గడువు తేదీ కూడా ఉండాలంటాను. ఐదు రూపాయల మాత్రల అట్ట మీద ఎక్స్‌పైరీ ఉంటుంది, పదిహేను వేల ఫోన్ డబ్బా మీద ఉండదా?

నాన్నకి కొత్త ఫోన్ కోసం మొన్న మూడు షాపులు తిరిగాను. కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో ముగ్గురూ గడగడా చెప్పారు. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయని అడిగితే ఒక్కరికీ తెలియలేదు. కొనకుండానే వచ్చేశాను.