‘క్యాతీ కమ్ హోమ్’ రాత్రికి రాత్రే చట్టాన్ని మార్చలేదు

బ్రిటిష్ దర్శకుడు కెన్ లోచ్ గురించి ఒక కథనం చాలాకాలంగా ప్రచారంలో ఉంది. 1966లో ఆయన తీసిన ‘క్యాతీ కమ్ హోమ్’ అనే డాక్యుమెంటరీ బీబీసీలో ప్రసారమైందని, అది చూసి చలించినవారు ఇళ్లు లేనివారి కోసం ‘షెల్టర్’ అనే సంస్థను స్థాపించారని, ప్రభుత్వం వెంటనే వారికి వసతి చూపే చట్టం తెచ్చిందని, ఆపైన లోచ్ టీవీని వదిలేసి సినిమాలకు వెళ్లిపోయారని దాని సారాంశం. లోచ్‌ను అభిమానించేవారే దీన్ని ఎక్కువగా చెబుతుంటారు. ఆ అభిమానం నాకూ ఉంది కాబట్టే ఈ పొరపాట్లను సరిదిద్దడం అవసరమనిపించింది.

మొదటి సంగతి, అది డాక్యుమెంటరీ కాదు. జెరెమీ శాండ్‌ఫర్డ్ రచన, టోనీ గార్నెట్ నిర్మాణం, క్యాతీగా కెరొల్ వైట్, ఆమె భర్తగా రే బ్రూక్స్ నటన ఉన్న నాటకం. టీవీ నాటకాలు ఎక్కువగా స్టూడియో సెట్లలోనే తయారయ్యే రోజుల్లో లోచ్ 16 ఎం.ఎం. కెమెరాను వీధుల్లోకి తీసుకువెళ్లి, దృశ్యాల మీద ఇళ్లు లేనివారి గొంతులను, గణాంకాలను వినిపించారు కనుక అది వార్తాచిత్రంలా తోస్తుంది. చివర్లో రైల్వే స్టేషన్‌లో తలదాచుకున్న క్యాతీ నుంచి అధికారులు పిల్లలను లాక్కుపోయే దృశ్యం చూసినవారికి అది నటన అంటే నమ్మబుద్ధి కాదు. ఆ పిల్లలు కెరొల్ వైట్ కన్నబిడ్డలే. దీన్ని డాక్యుమెంటరీ అనడమంటే, ఇంత సహజత్వాన్ని పట్టుదలగా సాధించిన దర్శకుడి పనిని లెక్కలోంచి తీసేయడమే.

షెల్టర్ విషయంలో తేదీలు చూస్తే చాలు. నాటకం ప్రసారమైంది 1966 నవంబర్ 16న, షెల్టర్ ప్రారంభమైంది అదే ఏడాది డిసెంబర్ 1న. జాతీయ స్థాయి సంస్థ పదిహేను రోజుల్లో పుట్టదు. దాని వ్యవస్థాపకుడు బ్రూస్ కెన్రిక్ 1963 నాటికే నాటింగ్ హిల్‌లో పేద కుటుంబాల ఇళ్ల కోసం ఒక ట్రస్టును నెలకొల్పి పనిచేస్తున్నారు. నాటకం రగిల్చిన ఆవేదన ఆ ప్రయత్నానికి గొప్ప ఊతమిచ్చింది, అది ముమ్మాటికీ నిజం. పుట్టుకకు కారణం మాత్రం అది కాదు.

ఇళ్లు లేని కుటుంబాలకు వసతి చూపే బాధ్యతను స్థానిక గృహవసతి అధికారులపై ఉంచిన చట్టం 1977లో వచ్చింది, అదీ ప్రభుత్వం తరఫున కాకుండా స్టీఫెన్ రాస్ అనే లిబరల్ పార్టీ ఎంపీ సొంతంగా ప్రవేశపెట్టిన ప్రైవేటు మెంబర్ బిల్లుతో. నడుమ పదకొండేళ్లు గడిచాయి.

ఇక టీవీని వదిలేశారన్న మాట అన్నిటికన్నా అన్యాయమైనది. 1964లో ‘జెడ్ కార్స్’ పోలీసు ధారావాహికతో టీవీలో చేయి తిరిగిన లోచ్, 1969లో ‘కెస్’ సినిమా తీశాక కూడా 1975లో ‘డేస్ ఆఫ్ హోప్’ను నాలుగు భాగాలుగా, 1977లో బొగ్గుగని కార్మికులపై ‘ది ప్రైస్ ఆఫ్ కోల్’ను రెండు భాగాలుగా బీబీసీకే తీశారు. 1980లలో ఆయన టీవీ చిత్రాలు అంతగా కనిపించకపోవడానికి కారణం ఆయన చేయకపోవడం కాదు, చేసినవాటిని ఆపేయడం. గని కార్మికుల సమ్మెకాలపు పాటలు, కవితలతో 1984లో తీసిన ‘విచ్ సైడ్ ఆర్ యూ ఆన్?’ను, తీయమన్న లండన్ వీకెండ్ టెలివిజనే ప్రసారం చేయలేదు. తర్వాత ఛానల్ 4 చూపింది. అదే ఛానల్ 4 కోసం, కార్మిక సంఘాల నాయకత్వాన్ని ప్రశ్నిస్తూ 1983లో ఆయన సిద్ధం చేసిన ‘క్వశ్చన్స్ ఆఫ్ లీడర్‌షిప్’ నాలుగు భాగాలలో ఒక్కటీ ప్రసారం కాలేదు.