ఆఖరి బెంచీకి పట్టాభిషేకం చేయండి

హైదరాబాద్‌లో ఏ గల్లీలోకి వెళ్లినా ఒక బడి గేటుకు ఫ్లెక్సీ వేలాడుతుంటుంది: ‘డిజిటల్ క్లాస్‌రూములు, అడ్మిషన్లు జరుగుతున్నవి’. కింద కిరాణా కొట్టు, పైన మూడంతస్తుల బడి, పిల్లలు ఆడుకోవడానికి మెట్లు తప్ప జాగా ఉండదు, అయినా గదిగదికీ వేలితో తాకితే పనిచేసే గోడంత తెర. అభివృద్ధి అంటే అదే కాబట్టి నాకు ఫిర్యాదేమీ లేదు. నా బాధల్లా టీచర్ల గురించే. ఇంత తెర వచ్చాక కూడా పిల్లల వైపు చూస్తామంటారు!

చూస్తే ఏమవుతుందో వినండి. ఈ తెరల్లో చాలావాటికి అంచుల్లోంచి కంటికి కనపడని పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా పోతుంటాయి. వాటికి ఏది అడ్డొచ్చినా బోర్డు వేలే అనుకుంటుంది, పవిట కొంగైనా సరే. కిరణజన్య సంయోగక్రియ చెబుతున్న మేడమ్ ‘ఎవర్రా ఆ మాట్లాడేది’ అని గిర్రున తిరుగుతుంది, కొంగు తగిలి ఆకు కాస్తా మాయమై కప్ప పేగులు ప్రత్యక్షమవుతాయి, క్లాసంతా గొల్లుమంటుంది. అంచేత మొహం బోర్డుకి, వీపు క్లాసుకి. ఇందులో కొత్తేముంది? కరోనాకి బడులు మూతపడ్డప్పుడు 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి కదా, అప్పుడు అల్లరి చేశారని టీవీ ఎవరి మీదైనా ఫిర్యాదు చేసిందా?

మరి క్లాసును ఎవరు చూసుకోవాలి అంటారా? దానికి మనిషి ఆల్రెడీ ఉన్నాడు. తెర నీలంగా మారి ‘నో సిగ్నల్’ అంటుంది, మేడమ్ రిమోట్‌లో బ్యాటరీలు తీసి అరచేతికి రుద్ది మళ్లీ వేస్తుంది, అప్పుడు ఆఖరి బెంచీలోంచి తాపీగా ఒక గొంతు: “సోర్స్ మార్చుండ్రి మేడమ్, హెచ్‌డీఎంఐ టూ పెట్టుండ్రి.” ఏడో ఎక్కం రాని బాబు. పెళ్లికొడుకులా నడిచొచ్చి ఒక్క బటన్ నొక్కుతాడు, బొమ్మ వస్తుంది. ఇక హోంవర్క్ ఏదిరా అని అతన్ని అడిగే ధైర్యం ఎవరికి? స్లిప్ టెస్ట్ ఉన్న రోజే కేబుల్ ఎందుకు వదులవుతుందో నాకు తెలీదు, నేనెవరినీ అనుమానించడం లేదు.

2023లో యునెస్కో ఒక పెద్ద నివేదిక వేసి, చదువులో టెక్నాలజీ ఎవరి షరతుల మీద నడవాలని అడిగింది. అంత దూరం ఎందుకు, ఆ బాబును అడిగితే చెప్పేవాడు. బీఈడీలో పిల్లల మనస్తత్వ శాస్త్రం పేపర్ తీసేసి ఇలాంటివాళ్లను బతిమాలడంలో ప్రాక్టికల్స్ పెట్టడం మంచిది.

దారికి రాని వాళ్లు ఇంకా ఉన్నారు. ఒక లెక్కల సారు స్విచ్ ఆపేసి, సుద్దముక్క పట్టుకుని, బెంచీల మధ్య తిరుగుతూ వెనక వరుస నోట్సుల్లోకి తొంగి చూస్తాడట. అరుపుల్లేవట, ఆ బాబు కూడా లెక్క చేస్తున్నాడట. స్మార్ట్ క్లాసు ఫీజు కట్టిన తల్లిదండ్రులకు యాజమాన్యం ఏం సమాధానం చెప్తుంది?