మాట మొదట్లోనే ఒత్తు

"అది సరైన మలయ్ కాదు, సగం అక్షరాలు మింగేస్తారు." దక్షిణ థాయిలాండ్‌లోని పటానీ, యాలా, నారాథివాట్ ప్రావిన్సుల్లో మాట్లాడే పటానీ మలయ్ గురించి ఎవరైనా ఇలా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అసలు వాళ్లు ఆ భాషను చెవి పెట్టి విన్నారా?

నడవడాన్ని ప్రామాణిక మలయ్‌లో బెర్జాలన్ అంటారు. పటానీలో 'జ్జలే'. ఒత్తు తీసేసి 'జలే' అంటే దారి. ముందున్న 'బెర్' పోయిన మాట నిజమే, కానీ ఊరికే పోలేదు. దాని చోటును జకారం సాగి నింపింది. 'మతో' అంటే కన్ను, 'మ్మతో' అంటే నగ. 'బులే' అంటే నెల, 'బ్బులే' అంటే నెలల తరబడి. ప్రామాణిక మలయ్‌లో బెర్బులన్-బులన్ అనే పొడవాటి మాట చేసే పని ఇక్కడ ఒక్క ఒత్తు చేస్తోంది. దీన్ని మింగడం అంటారా?

కలకూ కల్లకూ తేడా తెలిసినవాళ్లం మనం. వర్ణం కాస్తా వన్నె అయినప్పుడు రేఫ పోయి ఒత్తు మిగిలింది. వన్నెను చెడిపోయిన మాట అని ఎవరైనా అంటారా? కాకపోతే మన ఒత్తు మాట మధ్యలో వస్తుంది, వాళ్లది మాట మొదట్లోనే.

అక్కడే అసలు చిక్కు. జ, మ, బ లాంటివి సాగితే వినిపిస్తాయి. ప, త, క సాగడమంటే నోరు మూసుకుని ఇంకాసేపు ఆగడమే. మాట్లాడటం మొదలే కాలేదు, ఆ మౌనం పొడవు వినేవాడికి ఎలా తెలుస్తుంది? ఆర్థర్ అబ్రామ్సన్ అనే ధ్వని శాస్త్రవేత్త 1980లలో దీని మీదే పని చేశారు. ఆ భాష వాళ్లు తేడాను పట్టగలుగుతున్నారు. ఒత్తుతో మొదలైన మాటలో తొలి అక్షరం కాస్త గట్టిగా పలుకుతుంది, స్వరస్థాయి కూడా మారుతుంది. చెవికి ఆ ఆధారాలు చాలు.

మాట చివర మార్పులకూ లెక్క ఉంది. మాకన్ (తినడం) 'మకే' అయితే ఇకన్ (చేప) 'ఇకే' అవుతుంది. నోటికొచ్చినట్టు పలికితే ఇలా వరస కుదరదు.

ఇంట్లో ఈ భాష మాట్లాడుతూ బడిలో థాయ్ మాత్రమే వినే పిల్లల కోసం మహిడోల్ విశ్వవిద్యాలయం వాళ్లు పటానీ మలయ్‌ను థాయ్ లిపిలో రాసి, ముందు అమ్మ భాషలోనే చదువు మొదలుపెట్టించారు. ఆ పనికి 2016లో యునెస్కో కింగ్ సెజోంగ్ అక్షరాస్యత బహుమతి వచ్చింది.