ఓడ ఉద్యోగంలో జీతం ఒక్కటే చూడొద్దు
మర్చంట్ నేవీలో, అంటే సరుకు రవాణా చేసే వాణిజ్య ఓడల్లో, చేరితే చిన్న వయసులోనే లక్షల్లో జీతం అని చాలామంది రాస్తుంటారు, అబద్ధం కాదు కానీ అది సగం మాటే. మా తమ్ముడు ఓడలో ఇంజనీర్, ఇంజిన్ రూమ్‌లో 40 డిగ్రీలు దాటే వేడి, చెవులు మూసుకోకపోతే నిలబడలేనంత రొద, పైగా చాలామందికి జీతం ఓడ మీద ఉన్నన్నాళ్లే వస్తుంది, దిగి ఇంటి దగ్గర ఉన్న నెలలకు రాదు, కాబట్టి నెల జీతాన్ని 12తో గుణించేసి ఆశ పెట్టుకోకండి. డెక్ వైపు, అంటే ఓడ నడిపే విభాగంలోకి, వెళ్లే పిల్లలు డీఎన్ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్) కోర్సు ఏడాది చదివాక 18 నెలలు క్యాడెట్‌గా (శిక్షణలో ఉన్న ఉద్యోగిగా) సముద్రంలో పనిచేస్తేనే సెకండ్ మేట్ (డెక్ ఆఫీసర్‌) పరీక్షకు అర్హత. అసలు టెన్షన్ ఆ క్యాడెట్ అవకాశం దొరకడం దగ్గరే, ఏజెంట్లు డబ్బు గుంజేదీ అక్కడే. ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడగడమే చట్టవిరుద్ధం, దయచేసి ముందు ఆ ఏజెన్సీకి కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ (ఓడ ఉద్యోగాల నియామక) లైసెన్స్ ఉందో లేదో చూసుకోండి.