సికాడా రెక్క ఉంటే యాంటీబయాటిక్ అక్కర్లేదా?

"సికాడా పురుగు రెక్కలాంటి నానో ముళ్లున్న టైటానియం ఇంప్లాంట్ వేస్తే బ్యాక్టీరియా గుచ్చుకుని చస్తుంది. ఇక ఇన్ఫెక్షన్ రాదు, యాంటీబయాటిక్స్ అక్కర్లేదు." ఇంప్లాంట్ అంటే ఒంట్లో అమర్చే కృత్రిమ భాగం. తెగ షేర్ అవుతున్న ఈ మాటలో కాస్త నిజం ఉంది. చిక్కంతా అక్కడే.

ముందు ఆ గుచ్చుకోవడం సంగతి. సికాడా రెక్క మీద సూడోమోనాస్ బ్యాక్టీరియా నిమిషాల్లో చస్తోందని 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు చూపించారు, నిజమే. కానీ ఆ రెక్క మీది స్తంభాల ఎత్తు సుమారు 200 నానోమీటర్లు (మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు), పైగా కొనలు మొద్దు. బ్యాక్టీరియా పొడవు 1,000 పైమాటే. అవి దాని ఒంట్లో ఈ పక్క నుంచి ఆ పక్కకు దిగవు. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ వేరు: మీద వాలిన బ్యాక్టీరియా పొర స్తంభాల సందుల్లోకి జారి, సాగి సాగి చిరుగుతుంది. మేకుల మీద తడిబట్ట పరిచి లాగినట్టు.

మరి పొర మందంగా ఉంటే? ఇంప్లాంట్ ఇన్ఫెక్షన్లలో తరచూ కనిపించే స్టెఫైలోకోకస్ ఆరియస్‌ది మందపాటి గోడ. 2013లో పరీక్షిస్తే సికాడా రెక్క ఇలాంటి వాటిని చంపలేకపోయింది. తూనీగ రెక్క మాత్రం పల్చటి గోడవాటినీ, మందపాటి గోడవాటినీ చంపింది. స్తంభాల ఆకారం, ఎడం మారితే కథే మారుతుందన్నమాట.

ఇక "ఇన్ఫెక్షన్ రాదు". ల్యాబ్ గిన్నె వేరు, ఒళ్లు వేరు. రక్తం తగిలిన క్షణాల్లోనే లోహం మీద ప్రోటీన్ల పూత పడుతుంది. చచ్చిన బ్యాక్టీరియా అక్కడే పేరుకుంటే తర్వాత వచ్చేవాటికి అది పరుపు. పైగా ముళ్లు తమను తాకినదాన్నే ఏమైనా చేయగలవు. పక్కనున్న కండలో చేరినదాని జోలికి పోలేవు. యాంటీబయాటిక్ పని అక్కడే. దాన్ని మానేయమని చెప్పడం ప్రమాదం.

షార్క్ చర్మం మీదిలాంటి గీతలు చెక్కితే అవి కూడా బ్యాక్టీరియాను "చంపుతాయి" అంటున్నారు. చంపవు, అంటుకోవడాన్ని తగ్గిస్తాయి, అంతే.

అన్నిటికన్నా నాకు చిరాకు తెప్పించింది "తామరాకులా ఏదీ అంటకుండా చేస్తే సరి" అన్న సలహా. ఇంప్లాంట్‌కు ఎముక అంటుకోవాలి కదా! ఎముక టైటానియానికి నేరుగా అతుక్కుంటుందని గమనించబట్టే స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో తొలి రోగికి దంత ఇంప్లాంట్ వేశాడు. ఏదీ అంటని స్క్రూ ఎముకలో వదులై కదులుతుంది.

టైటానియాన్ని వేడి క్షార ద్రావణంలో ఉంచి ముళ్లు మొలిపించడం ల్యాబుల్లో చేస్తూనే ఉన్నారు. ఆ ముళ్ల మీద ముందు చోటు పట్టేది ఎముక కణమా, బ్యాక్టీరియానా అన్నది చూడాలి. 1987లో గ్రిస్టినా అనే వైద్యుడు దీన్నే ఉపరితలం కోసం పరుగుపందెం అన్నాడు.