బ్రేకు కీచుమంటే నూనె వేయమన్నదెవరు?

కారున్న వాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. క్లుప్తంగా అది చెప్పేదిదీ: "బ్రేకు కీచుమందంటే ప్యాడ్లు అయిపోయినట్టే. ముందు చక్రం సందులోంచి తుప్పు వదిలించే స్ప్రే గానీ, నాలుగు చుక్కల నూనె గానీ కొట్టి చూడండి. శబ్దం ఆగితే సమస్య పోయినట్టే. బండి సరిగ్గా ఆగుతున్నంత కాలం ఏ చప్పుడూ పట్టించుకోనక్కర్లేదు. కొత్త ప్యాడ్లు వేయించాక కూడా అరిస్తే అవి డూప్లికేటువి, మెకానిక్‌ని నిలదీయండి."

అయిపోయిన ప్యాడ్లకు నూనె ఎందుకో రాసినవాళ్లకే తెలియాలి. వరుస తప్పినా ఫర్వాలేదు, నూనె సంగతే ముందు చూద్దాం. మిగతావి డబ్బు నష్టం, ఇది ప్రాణం మీదికి తెచ్చేది.

తలుపు బందు కిర్రుమంటే నూనె వేస్తాం, ఎందుకంటే అక్కడ రాపిడి తగ్గాలి. బ్రేకు పనిచేసేదే రాపిడితో: చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని (డిస్కు) ప్యాడ్లు రెండు పక్కలా నొక్కి పట్టి ఆపుతాయి. ప్యాడ్ చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ దాని నిండా కంటికి ఆనని రంధ్రాలుంటాయి. నూనె తగిలితే పీల్చేసుకుంటుంది. తర్వాత ఎంత తుడిచినా, వేడెక్కినప్పుడల్లా ఆ జిడ్డు మళ్లీ పైకి వస్తూనే ఉంటుంది. అరుపు ఆగుతుంది, నిజమే, పట్టు కూడా దాంతోపాటే పోతుంది. ఒక చక్రానికే కొట్టి ఉంటే ఇంకా ఘోరం: గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి రెండో పక్కకి లాగేస్తుంది. పైగా బ్రేకులోని రబ్బరు సీళ్లు బ్రేకు ఆయిల్‌కి తట్టుకునేలా చేసినవి. ఇంజన్ ఆయిల్ లాంటివి తగిలితే ఉబ్బిపోతాయి. ఇప్పటికే కొట్టేసి ఉంటే బండి బయటికి తీయకండి. డిస్కుని బ్రేకు క్లీనర్‌తో కడిగి, ప్యాడ్లు మార్చాల్సిందే.

ఈ చిట్కా ఎక్కడ పుట్టిందో ఊహించగలను. మెకానిక్‌లు గ్రీజు రాయడం నిజమే. కానీ అది వేడికి కరగని ప్రత్యేకమైన గ్రీజు. రాసేది క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) జారే పిన్నులకి, ప్యాడ్ వెనక ఉండే ఇనుప పలకకి. డిస్కుని పట్టుకునే ముఖానికి ఎవరూ రాయరు. దూరం నుంచి చూసినవాళ్లెవరో దాన్ని నూనె చేసేసినట్టున్నారు.

ఇక "కీచుమంటే ప్యాడ్లు అయిపోయినట్టే" అన్న మాట. ఇందులో సగం నిజం ఉంది. చాలా ప్యాడ్లకు పక్కన చిన్న రేకు ముక్క బిగించి ఉంటుంది. కొత్త ప్యాడ్ మందం మామూలుగా 10, 12 మి.మీ. ఉంటుంది. అది అరిగి 2, 3 మి.మీ.కి వచ్చేసరికి ఆ రేకు డిస్కుని గీరుతుంది. చెవులు గింగురుమనేలా అరవడం దాని డ్యూటీ. అలాంటప్పుడు టెన్షన్ పడక్కర్లేదు, వాయిదా వేయకూడదు, అంతే.

అయితే కీచుమనేది అదొక్కటే కాదు. రాత్రి వాన పడితే పోత ఇనుముతో చేసిన డిస్కు మీద తెల్లారేసరికి పల్చగా తుప్పు పడుతుంది. మొదటి నాలుగైదు బ్రేకులకి గరగరమని రాలిపోతుంది. ప్యాడ్ ముఖం మరీ వేడెక్కి అద్దంలా నునుపెక్కినా కీచుమంటుంది. ఒకసారి నా బండి ఉన్నట్టుండి ఇనుము కోస్తున్నట్టు అరవడం మొదలెట్టింది. బ్రేకు నొక్కినా, వదిలినా అదే గోల. ప్యాడ్లు గోవిందా అనుకుని చక్రం విప్పితే, డిస్కుకీ దాని వెనకున్న రేకు కవచానికీ మధ్య శనగగింజంత రాయి ఇరుక్కుని ఉంది. స్క్రూడ్రైవర్‌తో కదిపితే టప్పున రాలింది. ప్యాడ్లు సగం కూడా అరగలేదు.

అందుకే ఎలాంటి శబ్దం అన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నది ముఖ్యం. నొక్కినప్పుడే వస్తే ప్యాడ్, డిస్కుల వైపు చూడాలి. బ్రేకుతో సంబంధం లేకుండా ఊఁ అని ఒకే రాగం తీస్తూ, వేగంతో పెరుగుతూ, వంపు తిరిగేటప్పుడు మారుతుంటే అది చక్రం బేరింగు కావచ్చు. నొక్కిన క్షణంలో ఒక్కసారి టక్కుమంటే క్యాలిపర్ బోల్టులు, ప్యాడ్ క్లిప్పులు, కింద సస్పెన్షన్ బుష్షులు చూపించుకోవాలి. పెడల్ దగ్గర ఆగకుండా బుస్సుమంటూ, నొక్కడానికి పెడల్ బండలా ఉంటే కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లో లీకుందేమో చూడాలి.

"శబ్దం ఆగితే సమస్య పోయినట్టే" అన్నదానికి మా బావగారి కారే జవాబు. ముందు ఎడమ చక్రం రెండు వారాలు అరిచింది. ఆయన పాటల సౌండు పెంచారు. తర్వాత దానంతటదే ఆగిపోయింది, "చూశావా, సర్దుకుంది" అన్నారు. ఇంకొన్నాళ్లకి గరగర మొదలైంది. విప్పి చూస్తే బయటి ప్యాడ్ సగం మందం అలాగే ఉంది. లోపలిది మాత్రం ఇనుప పలక దాకా అరిగిపోయింది, దాని రేకు ఎప్పుడో విరిగిపోయింది. అరవాల్సినది అరిచి అరిచి పోయిందన్నమాట. అసలు కారణం క్యాలిపర్ పిన్ను బిగుసుకుపోయి కదలకపోవడం. అలాంటప్పుడు రెండు ప్యాడ్లూ సమానంగా అరగవు, ఆ చక్రం మిగతావాటికంటే బాగా వేడెక్కుతుంది, ఒక్కోసారి మాడు వాసన కూడా వస్తుంది. అల్లాయ్ చక్రం సందుల్లోంచి తొంగిచూస్తే కనిపించేది బయటి ప్యాడే కాబట్టి, పైపైన చూసి బాగానే ఉందనుకోవడం మోసపోవడమే.

"బండి ఆగుతున్నంత కాలం" అన్న భరోసా కూడా ఇలాంటిదే. ప్యాడ్ అయిపోయి ఇనుము ఇనుముని రాసుకుంటున్నా బండి ఆగుతుంది, ఆ మాటకొస్తే బావగారి బండీ ఆగింది. కానీ డిస్కు మీద వేలు పెడితే తెలిసేంత లోతు గాడులు పడ్డాయి (చల్లారాకే ముట్టుకోండి, వేడి డిస్కు చేయి కాలుస్తుంది). డిస్కు ఎంత మందం దాకా వాడొచ్చో చాలావాటి మీద అంకె వేసే ఉంటుంది, అంతకంటే పలచబడితే మార్చాలి. ఇంకో చిన్న గుర్తు: ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నెట్టే పిస్టన్ ముందుకొస్తుంది, దాంతో డబ్బాలో బ్రేకు ఆయిల్ మట్టం దిగుతుంది. దాన్ని నింపేసి ఊరుకుంటే ఆ గుర్తూ పోతుంది.

తమాషా ఏంటంటే నిజంగా పట్టించుకోనక్కర్లేని శబ్దాలు కూడా ఉన్నాయి, మెసేజ్‌లో వాటి ఊసే లేదు. జారే రోడ్డు మీద గట్టిగా నొక్కినప్పుడు గడగడమంటూ పెడల్ కాలి కింద కొట్టుకుంటే అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేస్తోందని అర్థం. భయపడి కాలు తీయకూడదు.

కొత్త ప్యాడ్ల సంగతి. నకిలీలు ఉన్నాయి, కాదనను. కానీ అరుపుని బట్టి అసలు, నకిలీ తేలదు. లోహపు పాలు ఎక్కువున్న ప్యాడ్లు మంచివైనా కాస్త అరుస్తాయి. కొత్తవి డిస్కుతో కుదురుకోవాలి కూడా: ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, కొన్నిసార్లు తగ్గించి చల్లారనివ్వాలి. ఆ తర్వాత కూడా అరిచి, మెకానిక్‌ని ఏదైనా అడగాలనుకుంటే, ప్యాడ్ వెనక ఉండే షిమ్ములూ (పల్చటి రేకులు) పక్కల ఉండే క్లిప్పులూ బిగించారా అని అడగండి. ఒక్కోసారి అవి, తీసేసిన పాత ప్యాడ్లతో పాటు, కొత్తవి వచ్చిన డబ్బాలోనే దొరుకుతాయి.