దోమకాటుకు అణా బకాయి

1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించి ఒక్కో దోమకు ఒక్కో అణా చెల్లించాడు. ఆగస్టు 20న వాటిలో ఒకదాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. అందరికీ ఈ కథలో రాస్ మేధస్సు కనిపిస్తుంది, నాకు మాత్రం కూలి రేటు కనిపిస్తుంది. దోమకు నెత్తురు పోయడం ఒక పని అనీ, దానికి కూలి ఉంటుందనీ మన గడ్డ మీదే తేలింది. ఆ తర్వాత మన తాతలూ తండ్రులూ మనమూ ఉచితంగానే కుట్టించుకుంటున్నాం. ఆ బకాయిలు చెల్లించాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను. వడ్డీ వదులుకుంటాను.

ఖజానా ఖాళీ అవుతుందన్న భయం అక్కరలేదు. లెక్క తగ్గించడం మన యంత్రాంగానికి వెన్నతో పెట్టిన విద్య. ర్యాపిడ్ పరీక్షలో డెంగీ అని వచ్చినా అది అనుమానిత కేసే. ఎలీసా అనే రక్తపరీక్షలో తేలితేనే డెంగీ, మిగిలినవన్నీ విషజ్వరాలు. జ్వరం అదే, కీళ్ల నొప్పులు అవే, ప్లేట్‌లెట్ల కోసం రాత్రంతా రక్తనిధుల చుట్టూ తిరిగే బావమరిదీ అతడే.

దోమల మందు పొగ వదిలే బండి ఖర్చు మాత్రం తగ్గించకండి. అది దడదడలాడుతూ వీధిలోకి వస్తే పిల్లలకు పండుగ, కార్పొరేటర్ గారికి ఫొటో. పొగకు చచ్చేది ఎగిరే దోమే, నీళ్లలోని లార్వాకు దాని వాసన కూడా తగలదు. పైగా డెంగీ మోసే ఏడిస్ పగటి ఉద్యోగి. బండి వచ్చే వేళకు డ్యూటీ దిగి, మంచం కిందో వేలాడే బట్టల మాటునో విశ్రాంతి తీసుకుంటూ ఉంటుంది.

‘ఆ దోమలను పెంచింది మీరే కదా’ అని ప్రభుత్వం అడ్డం తిరగవచ్చు. నిజమే, కాదనలేం. మురుగు కాలువ వైపు వేలు చూపించే మనం, ఫ్రిజ్ వెనుక నీటి పళ్లాన్ని ఏనాడూ లాగి చూడం. ఏడిస్‌కు కావలసింది మంచినీళ్లే. ఆ పళ్లెం మీద టార్చి వేయండి. తలకిందులుగా వేలాడుతున్న లార్వాలు ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుగుకు దిగుతాయి. వారం పది రోజుల్లో వాటికి రెక్కలొస్తాయి. నీరు ఎండినా గుడ్లు నెలల తరబడి ఓపిగ్గా కాచుకుంటాయి. ఇక మేడ మీద ‘ఎప్పటికైనా పనికొస్తుంది’ అని దాచిన పాత టైరు సంగతి చెప్పనే అక్కరలేదు. అంటే మనం కూలీలమే కాదు, పెంపకందారులం కూడా. పాడి రైతుకు రాయితీ ఇచ్చే ప్రభుత్వం మనకెందుకు ఇవ్వదు? ఇవ్వకపోగా, శుక్రవారం డ్రై డే పాటించి నీళ్లన్నీ పారబోయమంటుంది. ఇది జీవనోపాధి మీద దెబ్బ.

దరఖాస్తు విధానం సులువుగా ఉండాలి. కుట్టిన దోమను అగ్గిపెట్టెలో పెట్టి, ఆధార్ నకలుతో సహా అందజేస్తే చాలు. మగదోమలు కుట్టవు కనుక వాటిని తెచ్చినవారి దరఖాస్తులను తిరస్కరించవచ్చు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. రెండోసారి వేరే రకం సోకితే ప్రాణాపాయం ఎక్కువ. అందువల్ల రెండో విడత కూలిని ముందే చెల్లించాలని మనవి.